రంగం మైనం నుంచి సోయా మైనం దాకా: కొవ్వొత్తి వెనక కూలోళ్ల కథ

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక దొరకనివాళ్ల కోసం, విన్నా ఇంకోసారి చదువుకుందామనుకునేవాళ్ల కోసం ఈ రాత. ఆడియోలో గబగబా దాటేసిన అంకెలు, పేర్లు ఇక్కడ నిదానంగా పెట్టాను. డ్యూటీ బస్సులో చదువుకోండి, లేదంటే శుక్రవారం వంట అయ్యాక చదువుకోండి.

బహ్రెయిన్‌లో అస్కర్ క్యాంపుల వైపు నుంచి ఈ మధ్య ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఊళ్లో భార్యో, చెల్లెలో పొదుపు సంఘంలో కొవ్వొత్తుల పని పెడతానంటోంది. "మామూలు మైనం కాదు, సోయా మైనం వాడితే మంచి రేటు" అని ట్రైనింగులో చెప్పారట. యాభై వేలు పంపమంటోంది. పంపొచ్చా? ఏ మైనం కొనాలి? ఎక్కడ కొనాలి?

యాభై వేలంటే క్యాంపులో ఉండే మనిషికి చిన్న సొమ్ము కాదు. తిండి, ఫోను, అప్పు వడ్డీ పోగా కొన్ని నెలల మిగులు అది. అందుకే "కొనండి, వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఈ మైనం అసలు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. ఈ కథలో మనవాళ్లు కూడా ఉన్నారు. ఇవాళ్టి గల్ఫ్‌లో కాదు, వందేళ్ల కిందటి రంగంలో.

పేరులోనే ఉంది కొవ్వు

"కొవ్వొత్తి" అన్న మాటను విడదీసి చూడండి: కొవ్వు, ఒత్తి. పశువుల కొవ్వు కరిగించి, అందులో ఒత్తి ముంచి చేసింది అన్నమాట. హైదరాబాద్ వైపు "మోంబత్తి" అంటాం. అందులో "మోం" అంటే మైనం, మొదట్లో తేనెపట్టు మైనం. రెండు పేర్లూ రెండు సరుకుల్ని గుర్తుపెట్టుకున్నాయి. పశువుల కొవ్వు చవక, కానీ కంపు, పొగ. తేనె మైనం సువాసన, కానీ ఖరీదు. యూరప్‌లో కూడా ఇదే లెక్క: చర్చిలకు, దొరలకు తేనె మైనం, బీదవాళ్లకు కొవ్వు. మన ఇళ్లల్లో అయితే దీపం అంటే ఆముదం, నువ్వుల నూనె. కొవ్వొత్తి మనకు తర్వాత వచ్చిన సరుకు.

18వ శతాబ్దం చివర తిమింగలం తల నుంచి తీసిన మైనం వచ్చింది. తర్వాత ఫ్రాన్స్‌లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త కొవ్వును విడగొట్టి చూశాడు. అందులో మెత్తటి భాగం, గట్టి భాగం వేరువేరుగా ఉంటాయని, గట్టి భాగంతో మంచి కొవ్వొత్తి అవుతుందని తేల్చాడు. 1825లో గే-లుసాక్‌తో కలిసి దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ గట్టి భాగమే స్టీరిక్ ఆమ్లం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, సోయా దగ్గర మళ్లీ వస్తుంది.

1830లో జర్మనీలో రైషెన్‌బాక్ కట్టె తారు నుంచి పారఫిన్ తీశాడు. 1850లో స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ యంగ్ బొగ్గు నుంచి పారఫిన్ నూనె తీసే పద్ధతికి పేటెంట్ పొందాడు. తర్వాత భూమిలో నూనె దొరకడంతో బొగ్గు పని తగ్గింది. ముడి నూనెలోనే మైనం ఉంది కదా.

ఇక్కడే రంగం వస్తుంది.

రంగం పోయినోళ్లు

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగూన్‌ని "రంగం" అనేవాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లకు "కోరంగీలు" అన్న పేరు పడింది. ఇవాళ "దుబాయ్ పోయిండు" అన్నట్టే అప్పుడు "రంగం పోయాడు" అనేవాళ్లు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. ఓడల్లో సరుకు ఎక్కించడం, దించడం, ధాన్యం మిల్లులు, రిక్షాలు, నూనె శుద్ధి కర్మాగారాలు... ఒళ్లు వంచే పనంతా చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్లదే, అందులో మనవాళ్లది పెద్ద వాటా.

బర్మాలో యెనాంజాంగ్ బావుల నూనె మైనం ఎక్కువున్న నూనె. 1850లలోనే ఆ ముడి సరుకు "రంగూన్ తారు" అన్న పేరుతో లండన్‌కు పోయి, ప్రైసెస్ అనే కొవ్వొత్తుల కంపెనీలో మైనంగా మారింది. 1886లో స్కాట్లాండ్‌కు చెందిన డేవిడ్ కార్గిల్ బర్మా ఆయిల్ కంపెనీ పెట్టాడు. రంగూన్ పక్కన సిరియం శుద్ధి కర్మాగారం నుంచి కిరోసిన్‌తో పాటు మైనం, కొవ్వొత్తులు కూడా అమ్మకానికి వచ్చాయి.

మైనం ఎలా తీస్తారంటే: బరువైన నూనెను బాగా చల్లబరుస్తారు. మైనం పలుకులుగా గడ్డ కడుతుంది. గుడ్డ వడపోతల మధ్య పెట్టి గట్టిగా పిండుతారు. అయినా కొంచెం నూనె మిగులుతుంది. ఆ మైనపు బిళ్లల్ని గదిలో మెల్లగా వెచ్చబెడితే మిగిలిన నూనె బొట్లుబొట్లుగా కారిపోతుంది. ఈ పనికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరుకు అర్థం "చెమట పట్టించడం". చెమట మైనానికే కాదు, పక్కన నిలబడ్డ మనిషికి కూడా పట్టేదని వేరే చెప్పాలా?

ఆ రోజుల్లో మనిషిని రంగం తీసుకుపోయేది మేస్త్రీ. ఓడ టికెట్టుకు, ఇంటి ఖర్చుకు ముందు డబ్బు ఇచ్చేవాడు. అది తీరేదాకా కూలి మేస్త్రీ చేతిలోనే. 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూన్‌లోని భారతీయ కూలీల మీద రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతి గురించి వివరంగా ఉంది. ఏజెంటుకు కట్టిన డబ్బు తీరేదాకా మొదటి ఏడాది జీతం మనది కాదు అనుకునే మనకు ఇది కొత్త కథ కాదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా కూలీలను దించారు. సమ్మె ముగిశాక వాళ్లను పంపేశారు. పొట్టకూటి కోసం వచ్చిన ఇద్దరి మధ్య చిచ్చు రేగి, వంద మందికి పైగా చచ్చిపోయారు.

1942 మార్చి 7న, జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టే ముందు రోజు, శత్రువు చేతికి చిక్కకూడదని బ్రిటిష్‌వాళ్లు సిరియం కర్మాగారాన్ని పేల్చేశారు. దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. చాలామంది కొండలూ అడవులూ దాటి నడిచే వచ్చారు. హుకాంగ్ లోయ దారిన నడిచినవాళ్లు తేలింది అస్సాంలో లీడో, మార్గరీటా దగ్గర. అక్కడికి దగ్గర్లోనే డిగ్బోయ్ ఉంది. 1901 నుంచి నడుస్తున్న నూనె శుద్ధి కర్మాగారం అది. డిగ్బోయ్ మైనం ఈనాటికీ మన కొవ్వొత్తుల వ్యాపారంలో పేరున్న సరుకే.

పేల్చేసిన ఆస్తికి నష్టపరిహారం కావాలని కంపెనీ కోర్టుకు పోయింది. 1964లో బ్రిటన్ పై కోర్టు కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. 1965లో ప్రభుత్వం కొత్త చట్టం చేసి ఆ డబ్బు ఇవ్వక్కర్లేకుండా చేసుకుంది. కంపెనీ పోగొట్టుకున్నదానికి కాగితం మీద లెక్క ఉంది, వకీళ్లున్నారు. నడిచొచ్చిన మనిషి పోగొట్టుకున్నది అతని ఇంట్లోవాళ్లకే తెలుసు.

రంగం నుంచి గల్ఫ్‌కి

బర్మా ఆయిల్ డబ్బుతోనే ఇరాన్‌లో వెతుకులాట సాగింది. 1908 మే 26న మస్జిదె సులేమాన్ దగ్గర నూనె పడింది. మరుసటి ఏడు ఆంగ్లో-పర్షియన్ కంపెనీ పుట్టింది. అబాదాన్‌లో కట్టిన శుద్ధి కర్మాగారంలో పని తెలిసిన చేతుల కోసం రంగూన్ వైపు, భారతదేశం వైపు చూశారు. గల్ఫ్ నూనె పనికి మన దేశం నుంచి మనుషుల్ని తేవడం అప్పుడే మొదలైంది. 1970ల బూమ్ కన్నా చాలా ముందే.

బహ్రెయిన్‌లో 1932 జూన్‌లో జెబెల్ దుఖాన్ దగ్గర నూనె పడింది. అరబ్ వైపు గల్ఫ్ తీరంలో అదే మొదటిది. అస్కర్ నుంచి పడమటకు చూస్తే ఆ గుట్ట దూరమేమీ కాదు. 1936లో సిత్రా వైపు శుద్ధి కర్మాగారం మొదలైంది. అస్కర్ మాత్రం సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే ఊరు. 1971లో పక్కనే ఆల్బాలో అల్యూమినియం తీయడం మొదలయ్యాక ఫ్యాక్టరీలు, వాటి వెంట క్యాంపులు పెరిగాయి.

ఇప్పుడు మైనం కథలో ఒక మలుపు చూడండి. 2011లో సిత్రాలో ఇంజిన్ ఆయిల్‌కు కావాల్సిన మూల నూనె తయారుచేసే ప్లాంటు మొదలైంది. పాత పద్ధతిలో ఇంజిన్ ఆయిల్ తీసేటప్పుడు మైనం పక్కకు వచ్చేది, దాన్ని కొవ్వొత్తులవాళ్లకు అమ్మేవాళ్లు. కొత్త రకం మూల నూనె పద్ధతిలో ఆ మైనాన్ని విడిగా తీయరు. హైడ్రోజన్‌తో, ఉత్ప్రేరకంతో దాని ఆకారం మార్చి నూనెలోనే కలిపేస్తారు. ప్రపంచంలో పాత ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడుతున్న కొద్దీ పారఫిన్ మైనం తగ్గుతూ వస్తోంది. ఎగుమతిలో ఇప్పుడు చైనాదే పెద్ద చేయి.

అంటే పారఫిన్ ఎప్పుడూ ఎవరో వేరే సరుకు తీసుకోగా మిగిలిందే. ఆ మిగులు తగ్గితే ధర మన చేతుల్లో ఉండదు. సోయా మైనానికి దారి పడడంలో ఇదొక కారణం.

సోయా మైనం డాల్డాకి చెల్లెలు

సోయా నూనె మామూలుగా ద్రవం. దానికి హైడ్రోజన్ ఎక్కిస్తే గట్టిపడుతుంది. ఈ పద్ధతికి 1902లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్ పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ మొదట కొవ్వొత్తులు, సబ్బుల కంపెనీ. కరెంటు బల్బు వచ్చి కొవ్వొత్తుల వ్యాపారం పడిపోతున్న రోజుల్లో, 1911లో పత్తి గింజల నూనెను గట్టిపరిచి "క్రిస్కో" అని వంట కొవ్వుగా అమ్మింది. మన దేశంలో అదే పద్ధతితో 1937లో డాల్డా వచ్చింది. అంటే కొవ్వొత్తివాడి విద్య వంటింట్లోకి వెళ్లింది.

1990ల మొదట్లో అది వెనక్కి తిరిగింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో మైకేల్ రిచర్డ్స్ అనే కొవ్వొత్తుల తయారీదారు, తేనె మైనం ఖరీదు భరించలేక, హైడ్రోజన్ ఎక్కించిన సోయా నూనెతో కొవ్వొత్తి చేసి చూశాడు. చుట్టూ సోయా చేలే, పక్కనే నూనె మిల్లులు. అలా పుట్టింది సోయా మైనం. ఇవాళ పెద్ద సరఫరాదారుల్లో కార్గిల్ ఒకటి (బర్మా కార్గిల్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇంటిపేరు కలిసిందంతే), వాళ్ల మైనం పేరు నేచర్‌వ్యాక్స్. ఇంకొకటి ఏఏకే, వాళ్ల "గోల్డెన్ వ్యాక్స్ 464" చాలామంది వాడతారు.

సోయా నూనెకు పూర్తిగా హైడ్రోజన్ ఎక్కిస్తే అందులో ఎక్కువ భాగం స్టీరిక్ అవుతుంది. షెవ్రోల్ వేరుచేసిన ఆ గట్టి భాగమే. అది 65 డిగ్రీలు దాటాక గానీ కరగదు, పెళుసుగా ఉంటుంది. అందుకని సగం ఎక్కించినదాన్ని కలిపి 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరిగేలా చేస్తారు. అదే గ్లాసులో, డబ్బాలో పోసే సోయా మైనం. డాల్డా 40 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి దాంతో కొవ్వొత్తి నిలబడదు. మామూలు పారఫిన్ 58–60 దగ్గర కరుగుతుంది.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. హైడ్రోజన్ గ్యాసు, నికెల్ ఉత్ప్రేరకం, ఒత్తిడి తట్టుకునే పాత్ర లేకుండా సోయా నూనె మైనం కాదు. "చిన్న మిషన్ కొంటే ఇంట్లోనే సోయా గింజల నుంచి మైనం తీయొచ్చు" అని ఎవరైనా వీడియో చూపించి డబ్బు అడిగితే, ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

మన ఊరి సోయా ఏమైతోంది?

ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, జహీరాబాద్ వైపు సోయా బాగా వేస్తారు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఊళ్లు కూడా చాలావరకు అవే. 2025–26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. క్వింటాలు గింజల్లో నూనె వచ్చేది 18 కిలోల దాకా, మిగతాదంతా దాణాకు పోయే పిండి. ఆ నూనె వంటకు పోతుంది. అది చాలక అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి నూనె తెచ్చుకుంటున్నాం. అమెరికాలోనేమో సోయా నూనె ఇప్పుడు డీజిల్‌కి కూడా పోతోంది. అందుకే సోయా మైనం ధర వంట నూనె ధరతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

"మన సోయాతో మన మైనం" అని డబ్బా మీద రాసుకోవడం బాగుంటుంది గానీ, అమ్మేవాళ్లు ఆ నూనె ఏ దేశానిదో కాగితం మీద చూపిస్తేనే రాయాలి. మన దగ్గర ఇంకో సరుకు కూడా ఉంది. ఆయిల్‌పామ్ పంటలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం, ఏలూరు దగ్గర పెదవేగిలో దాని పరిశోధన సంస్థే ఉంది. పామాయిల్ నుంచి వచ్చే గట్టి భాగం, పామ్ స్టీరిన్, కొవ్వొత్తికి పనికొస్తుంది, సోయా కన్నా చవక. చవక కాబట్టే దాన్ని సోయా పేరుతో అంటగట్టే ప్రమాదమూ ఉంది.

కొనేముందు చూడాల్సినవి

ఇది ఇంటికి ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించండి.

మొదటిది, బిల్లు. జీఎస్టీ బిల్లు మీద సరుకు కోడ్ ఉంటుంది. 2712 అని ఉంటే అది పెట్రోలియం మైనం, పారఫిన్. 1516 అంటే హైడ్రోజన్ ఎక్కించిన నూనె, కొవ్వు. 3404 అంటే కలిపి తయారుచేసిన మైనం. "100 శాతం సోయా" అని చెప్పి 2712 బిల్లు ఇస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. బిల్లే లేదంటే బేరమే వద్దు.

రెండోది, పరీక్ష పత్రం. ఆ లాటు నంబరుతో ల్యాబ్ కాగితం అడగాలి. అందులో సపోనిఫికేషన్ విలువ అని ఒక అంకె ఉంటుంది, అంటే సబ్బుగా మారే గుణం. సోయాకి అది 180–200 మధ్య ఉండాలి. పారఫిన్ సబ్బుగా మారదు, దాని అంకె దాదాపు సున్నా. పారఫిన్ కలిపిన కొద్దీ ఈ అంకె పడిపోతుంది. పామ్ కలిపారా అన్నది మాత్రం దీంతో తెలియదు, దానికి కొవ్వు ఆమ్లాల పరీక్ష కావాలి. పామ్‌లో పామిటిక్ ఆమ్లం చాలా ఎక్కువ, సోయాలో 10–11 శాతమే.

మూడోది, కన్ను, చేయి. సోయా పలుకులు పాలమీగడ రంగులో, వేళ్లకు సబ్బులా జారుతూ ఉంటాయి. పారఫిన్ దిమ్మ కొంచెం అద్దంలా, గట్టిగా ఉంటుంది. ఇది అనుమానానికి పనికొస్తుంది, రుజువు కాదు.

నాలుగోది, ఏ పనికి ఏ మైనం. గ్లాసులో పోసేది వేరు, అచ్చు తీసి నిలబెట్టేది వేరు. గ్లాసు మైనంతో నిలువు కొవ్వొత్తి చేస్తే మన ఎండలకు వంగిపోతుంది. గుణదల జాతరకో, నవంబరు 2న సమాధుల పండుగకో సన్న కొవ్వొత్తులు చేసేటట్టయితే పారఫిన్‌దే పైచేయి, అక్కడ కొనేవాళ్లు చవక చూస్తారు. సోయా గిరాకీ ఉండేది సువాసన గ్లాసులకు, బహుమతులకు.

ఐదోది, ఎండ. 46 డిగ్రీలకు కరిగే సరుకును మే నెలలో లారీలో తెప్పిస్తే ముద్దయి వస్తుంది. మైనం పాడవదు గానీ, పోసి పెట్టిన గ్లాసుల అందం పోతుంది. మార్చి లోపే కొనుక్కోవాలి, లేదా 50 పైన కరిగే రకం అడగాలి. సోయా మైనం మీద తెల్లటి బూజులాంటి పొర వస్తుంది, అది దాని స్వభావం. బెదరొద్దు.

ఆరోది, మాటలు. "పొగ రాదు, ఆరోగ్యానికి మంచిది" అని డబ్బా మీద రాయొద్దు. ఏ మైనమైనా ఒత్తి లావైతే, గాలి కొడితే మసి వస్తుంది. రుజువు చూపించలేని మాట మీద కేసు పెడితే నష్టం మనకే.

ఎంత పంపాలి?

మొదట యాభై వేలు వద్దు. 5 కిలోల మైనం, రెండు మూడు సైజుల నూలు ఒత్తులు, ఒక థర్మామీటరు, 30 గ్లాసులకు సరిపడా డబ్బు పంపండి. కిలో మైనంతో 160 గ్రాముల గ్లాసులు ఆరు అవుతాయి. సువాసన నూనె మైనంలో 6 నుంచి 8 శాతం చాలు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టాలి. పోసిన తర్వాత ఒకటి రెండు వారాలు పక్కన పెట్టి, అప్పుడు వెలిగించి చూడాలి. ఆ 30 అమ్ముడుపోయి, కొన్నవాళ్లలో కొందరైనా మళ్లీ అడిగితే అప్పుడు మిగతా డబ్బు.

క్యాంపులో ఉన్నవాళ్లకు రెండు మాటలు. గదిలో మైనం కరిగించి ప్రయోగాలు చేయొద్దు. మంచాల మీద మంచాలు, ఒకటే తలుపు, ప్లాస్టిక్ సామాను... నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండదు. పని వీసా మీద ఉండి సొంతంగా సరుకు అమ్మడం కూడా చిక్కుల్లో పడేస్తుంది. మీ వంతు పని ఫోన్‌లో లెక్క చూసుకోవడం, బిల్లు అడగమని చెప్పడం.

సిరియంలో మైనం పిండిన చేతులకు అది ఎంతకు అమ్ముడుపోతోందో అడిగే వీలు లేదు. మీ ఇంట్లో ఆడమనిషి చేసే గ్లాసుకు ధర రాసేది ఆమే. కాబట్టి డబ్బుతో పాటు ఈ అంకెలు కూడా పంపండి, సంఘంలో అందరికీ వినిపించమనండి.

ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. బిల్లు ఫోటో పంపేవాళ్లు దాని మీద పేరు, ఫోన్ నంబరు చెరిపేసి పంపండి. ఆ కాగితం ఏం చెప్తోందో కలిసి చదువుదాం.